కానన్ డాయిల్ – ఒక గుమాస్తా చూపులో

సర్వీసంతా నకళ్లు రాసిన వాణ్ణి. అందుకే ఆర్థర్ కానన్ డాయిల్ 1891లో రాసిన ‘ఎర్రజుట్టు సంఘం’ కథ నాకు ప్రాణం. అందులో ఒక తాకట్టు వ్యాపారి వారానికి 4 పౌన్ల జీతానికి విజ్ఞాన సర్వస్వం ఎత్తి రాస్తుంటాడు. ఆ నకలు ఎవరికీ అక్కర్లేదు! అతను రోజూ కొట్టు వదిలి వెళితే, కింద నుంచి వెనక బ్యాంకుకు సొరంగం తవ్వుకోవాలి, అంతే. కొట్టు కుర్రవాడి ప్యాంటు మోకాళ్లు చూసి షెర్లాక్ హోమ్స్ పసిగట్టేస్తాడు.

డాయిల్‌గారు 1859లో ఎడింబరోలో పుట్టారు. వైద్యం చదివారు. రోగిని చూస్తూనే వృత్తి చెప్పేసే గురువు డాక్టర్ జోసెఫ్ బెల్‌ను చూసే హోమ్స్‌ను మలిచారు. 1893లో హోమ్స్‌ను చంపేసి, 1903లో మళ్లీ బతికించారు. 1930లో కన్నుమూశారు.

కథల కంటే నాకు గొప్పగా తోచేది ఆయన 1907లో పూనుకున్న పని. జార్జి ఎడల్జీ అనే న్యాయవాది తండ్రి బొంబాయి నుంచి వెళ్లిన పార్సీ. గుర్రాన్ని కోశాడన్న నేరంపై 1903లో ఎడల్జీకి ఏడేళ్ల శిక్ష పడింది, మూడేళ్లు జైల్లో మగ్గాడు. అతను పత్రికను కళ్లకు ఆనించుకుని చదవడం గమనించి, రాత్రివేళ పొలాలకు అడ్డంపడి వెళ్లి అంత పని చేయగలవాడు కాడని డాయిల్ వాదించారు. సర్కారు క్షమాపణ పత్రమైతే ఇచ్చింది గానీ, నష్టపరిహారం దమ్మిడీ ఇవ్వలేదు. ఫైలు సంగతి తెలిసిన మనకు అది వింత కాదు లెండి. న్యాయవాద వృత్తి మాత్రం అతనికి తిరిగి దక్కింది.