లూసిల్ బాల్: నవ్వించిన నటి.. స్టూడియోనే నడిపారు!

షో అయిపోగానే తెరపై చేతిరాతలా కనిపించే ‘డెసిలు’ లోగో.. ఒకప్పుడు అమెరికా టీవీ ప్రేక్షకులందరికీ తెలిసిందే. భర్త డెసి అర్నాజ్, తన పేరు కలిపి లూసిల్ బాల్ పెట్టుకున్న కంపెనీ పేరది.

1911లో న్యూయార్క్ రాష్ట్రం జేమ్స్‌టౌన్‌లో పుట్టిన లూసిల్ సినిమాల్లో చిన్న చిన్న వేషాలతో మొదలుపెట్టారు. 1951లో సీబీఎస్‌లో వచ్చిన ‘ఐ లవ్ లూసీ’తో ఇంటింటికీ చేరిపోయారు. అప్పట్లో చాలా షోలు లైవ్‌లో వచ్చి పోయేవి. ఈ జంట మాత్రం ఫిల్మ్‌పైనే తీస్తామని పట్టుబట్టింది. ఖర్చు ఎక్కువైంది. దాంతో పారితోషికం తగ్గించుకుని, ఫిల్మ్‌పై హక్కులు తమ దగ్గరే ఉంచుకున్నారు.

అదే మలుపు! ఫిల్మ్ ఉంది కాబట్టే పాత ఎపిసోడ్లను మళ్లీ మళ్లీ అమ్మే వీలు కలిగింది. మొదట్లో టైటిల్స్‌లో స్పాన్సర్ సిగరెట్ ప్యాకెట్, కార్టూన్ బొమ్మలు ఉండేవి. ఇప్పుడందరికీ గుర్తున్న పట్టుబట్ట మీది గుండె బొమ్మ.. పునఃప్రసారాల కోసం వచ్చిందే.

ఆ హక్కులను సీబీఎస్‌కు అమ్మేసి, 1957లో ఆర్‌కేవో స్టూడియోను కొన్నారు. 1960లో విడాకులయ్యాయి. 1962లో భర్త వాటా కూడా కొని, లూసిల్ ఒంటరిగానే స్టూడియో పగ్గాలు పట్టారు. ‘స్టార్ ట్రెక్’, ‘మిషన్: ఇంపాజిబుల్’ అక్కడ పుట్టినవే.

1967లో కంపెనీని గల్ఫ్ అండ్ వెస్టర్న్‌కు అమ్మేశారు. తెరపై డెసిలు పోయి పారామౌంట్ కొండ వచ్చింది. 1989లో లూసిల్ కన్నుమూశారు. లోగో మాయమైనా.. ఆ రోజు ఫిల్మ్‌పై తీసిన నవ్వులు మాత్రం ఇంకా ప్రసారమవుతూనే ఉన్నాయి.