గాంధీ గారి లండన్ ఖర్చుల పుస్తకం



అక్టోబరు వచ్చిందంటే మన పిల్లలు కళ్లజోడు, చేతికర్రతో గాంధీ వేషం వేస్తారు. ఈసారి వాళ్లకు ఇంకో గాంధీని చూపించండి. పంతొమ్మిదేళ్లు ఇంకా నిండని కుర్రాడు. పరాయి ఊళ్లో, అన్నయ్య డబ్బుతో చదువుకుంటున్నవాడు.

1888 సెప్టెంబరు 4న ఆయన బొంబాయిలో ఓడ ఎక్కారు. భార్య, నెలల పిల్లాడు ఇంటి దగ్గరే ఉండిపోయారు. డబ్బు పంపే బాధ్యత అన్న లక్ష్మీదాస్‌ది. మాంసం, మద్యం ముట్టనని తల్లి పుత్లీబాయికి ఇచ్చిన మాట ఒకటి వెంట ఉంది. లండన్‌లో ఆ మాటతోనే మొదటి కష్టం. ఉన్న ఇంట్లో ఉడికించిన ఆకుకూర, రెండు మూడు రొట్టె ముక్కలు పెట్టేవారు. ఇంకో ముక్క అడగాలంటే మొహమాటం. శాకాహార హోటల్ కోసం రోజూ మైళ్లకు మైళ్లు తిరిగి, చివరికి ఫారింగ్‌డన్ స్ట్రీట్‌లో ఒకటి చూశాక గానీ కడుపు నిండలేదు.

తర్వాత అక్కడివాళ్లలా కనిపించాలనే మోజు మొదలైంది. టోపీకి 19 షిల్లింగులు. బాండ్ స్ట్రీట్‌లో కుట్టించిన సాయంత్రం సూటుకు 10 పౌన్లు. డాన్స్ క్లాసుకు 3 పౌన్లు, వయొలిన్‌కు ఇంకో 3 పౌన్లు. ఎలక్యూషన్ నేర్చుకోవడానికి ఒక గినీ. (మన స్కూల్లో ఎలక్యూషన్ పోటీలు పెట్టేది నేనే కాబట్టి ఇక్కడ ఎక్కువ మాట్లాడను.) ఈ సరదా మూడు నెలల్లో తీరిపోయింది. బట్టల మీద శ్రద్ధ మాత్రం చాలాకాలం ఉంది.

అంత మోజులోనూ ఆయన లెక్క రాయడం మానలేదు. బస్సు చార్జీ, తపాలా బిళ్ల, పేపరుకిచ్చిన చిల్లర, అన్నీ పుస్తకంలోకి ఎక్కేవి. పడుకునే ముందు లెక్క సరిచూసుకునేవారు. మీరు హాస్టల్లో ఉన్న మీ అబ్బాయిని నెలాఖరున అడిగే లెక్క ఆయన తనను తానే రోజూ అడిగారు. అలా చూస్తే డబ్బు ఎక్కడ పోతోందో తెలిసింది. బయట తిన్నా, ఆ ఇంట్లో భోజనం డబ్బు తగ్గదు. మర్యాద కోసం ఇంటివాళ్లను అప్పుడప్పుడు బయటికి తీసుకెళ్లాలి, బండి చార్జీ తానే పెట్టుకోవాలి.

అందుకే విడిగా రెండు గదులు తీసుకున్నారు. పనులున్న చోట్లకు అరగంటలో నడిచి వెళ్లగలిగే ప్రాంతం చూసుకుని, రోజుకు ఎనిమిది, పది మైళ్లు నడిచారు. ఖర్చు సగం తగ్గింది. అయితే తనకంటే పేద విద్యార్థి ఒకరు మురికివాడలో వారానికి 2 షిల్లింగుల గదిలో ఉండి, 2 పెన్నీల కోకో, రొట్టెతో పూట గడుపుతున్నారని తెలిసింది. అన్నయ్య కష్టం గుర్తొచ్చింది. వెంటనే ఒక్క గదికి మారి, పొయ్యి కొని, పొద్దున ఓట్స్ జావ తానే కాచుకున్నారు. మధ్యాహ్నం బయట భోజనం, రాత్రి రొట్టె, కోకో. రోజంతటికీ 1 షిల్లింగు 3 పెన్నీలు. లండన్ మెట్రిక్యులేషన్ కోసం గట్టిగా చదివిన రోజులు కూడా ఇవే. మొదటిసారి లాటిన్‌లో తప్పారు, రెండోసారి గట్టెక్కారు.

1891 జూన్‌లో బారిస్టరై బయల్దేరారు. తల్లికి ఆ కబురు చెప్పాలని ఆత్రం. బొంబాయి రేవులో ఎదురొచ్చిన అన్నయ్య అప్పుడు చెప్పారు, అమ్మ ఇక లేదని. పరాయి దేశంలో ఒంటరిగా తట్టుకోలేడని అన్నాళ్లూ దాచారట.

ఇంటికి వెళ్లి చూస్తే పింగాణీ కప్పులు, సాసర్లు వాడకంలో ఉన్నాయి. తమ్ముడు బారిస్టరు కదా, బాగా సంపాదిస్తాడని అన్నయ్య నమ్మకం. దానికి తోడు ఈయన ఓట్స్ జావ, కోకో అలవాటు చేశారు. కోకో వచ్చాక టీ, కాఫీలు మానేస్తారనుకున్నారు. మానలేదు, మూడూ నడిచాయి. కేసులు మాత్రం ఇంకా ఒక్కటీ రాలేదు.