మజిలీల యాత్రికుడు ఏనుగుల వీరాస్వామయ్య

చెన్నపట్టణం సుప్రీంకోర్టులో ప్రధాన దుబాసీగా పేరుగాంచిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన సుమారు నూరుగురు పరివారంతో కాశీయాత్రకు బయలుదేరారు. మన దేశంలో రైలు నడవడానికి అప్పటికింకా 23 ఏళ్లున్నాయి. పల్లకీలు, గుడారాలే సాధనాలు. చెన్నపట్టణం నుండి కాశీకి పోవడం నేడు రెండు మూడు దినాల పని. ఆయనకు పోయి రావడానికి పదిహేను మాసాలకు పైగా పట్టింది.

అంతమంది బాగోగులు ఆయనవే. నీరులేని చోట విడిది చేస్తే పసివారి నుండి బోయీల వరకు అందరికీ అవస్థే. అందుకే ప్రతి మజిలీలోను దూరమెంత, బాట ఇసుకదా రేగడిదా, నీరు మంచిదేనా, అంగళ్లున్నవా, చెట్టునీడ ఉన్నదా అని శ్రద్ధగా వ్రాసుకొన్నారు. వెనుక వచ్చేవారి మేలు కోరిన వ్రాత అది. పాండిత్యప్రకర్షకు పోక వాడుకమాటలతో వ్రాయడం ఆ కాలానికి సాహసమే.

హైదరాబాదు, నాగపూరుల మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తాలు చూచి, తిరుగుదారిలో తూర్పు సముద్రతీరం పట్టారు. జగన్నాథం, గంజాం, శ్రీకాకుళం, విశాఖపట్నం, రాజమహేంద్రవరం, నెల్లూరు — ఇవన్నీ ఆ దారిలోనివే. గోదావరికి, కృష్ణకు వంతెనలు లేవు, పడవలే శరణ్యం. 1831 సెప్టెంబరు 3న చెన్నపట్టణం చేరుకొన్నారు.

1836లో ఆయన పరమపదించారు. మజిలీల నుండి ఆయన వ్రాసి పంపిన సంగతులను మిత్రులు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెగారు భద్రపరచి 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చువేయించారు.