దామెర్ల వారి ఇంటి బడి

కార్వేటినగరం అనగానే మనలో చాలామందికి కోనేరు, వేణుగోపాలస్వామి గుడి గుర్తొస్తాయి. టీచర్లకు మాత్రం ముందు డైట్ గుర్తొస్తుంది. కాబోయే ఉపాధ్యాయులు పాఠ్య ప్రణాళిక రాయడం అక్కడ నేర్చుకుంటారు. ఏ పీరియడ్‌లో ఏం చెప్పాలి, చివర్లో ఏ ప్రశ్న అడగాలి, అంతా ముందే కాగితం మీద ఉండాలి. లెక్కలకు, సైన్సుకు అది కావలసిందే. బొమ్మల మాటకొస్తే తల్లిదండ్రుల బెంగ వేరు. మాకే గీత తిన్నగా రాదు, సిలబస్ కూడా లేదు, ఇంట్లో పిల్లలకు ఏం నేర్పగలం అంటారు. అలాంటివారి కోసమే ఈ నెల దామెర్ల రామారావు కథ.

రామారావు 1897 మార్చి 8న రాజమండ్రిలో పుట్టారు. బొమ్మల పిచ్చి చిన్ననాటి నుంచీ ఉంది. ఆ రోజుల్లో అక్కడి ఆర్ట్స్ కాలేజీకి ఆస్వాల్డ్ కూల్‌డ్రే అనే ఇంగ్లీషు దొర ప్రిన్సిపాల్. పేరుకు ఆర్ట్స్ కాలేజీయే గానీ అక్కడ చిత్రలేఖనం కోర్సు లేదు. కూల్‌డ్రేకు దాన్ని నేర్పే బాధ్యతా లేదు. అయితే ఆయన స్వయంగా నీటిరంగులతో చిత్రాలు వేసేవారు. చేతిలో కళ ఉన్న కుర్రాళ్లను చేరదీసేవారు. విదేశీ బొమ్మలకు నకళ్లు తీయడం కాదు, మన దేశపు చిత్రాలను కళ్లారా చూడాలని శిష్యులను అజంతా గుహల దాకా తీసుకెళ్లారు. రచయితగా, చిత్రకారుడిగా పేరు తెచ్చుకున్న అడివి బాపిరాజు కూడా ఆయన శిష్యుడే. మార్కులు లేవు, పరీక్ష లేదు. తనకు ఇష్టమైన పనిని పిల్లల మధ్య కూర్చుని చేసిన పెద్దమనిషి ఒకరు ఉన్నారు, అంతే. నా మటుకు నాకు ఈ కథలో అన్నిటికన్నా విలువైన సంగతి ఇదే.

కూల్‌డ్రే పూనికతోనే రామారావు 1916లో బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరారు. అక్కడ క్రమశిక్షణతో కూడిన చదువు దొరికింది. కాబట్టి సిలబస్ అక్కర్లేదని ఎవరూ అనుకోవద్దు. అది తర్వాత వచ్చింది, అంతే తేడా. ఈలోగా కూల్‌డ్రేకు చెవుడు ముదిరి స్వదేశానికి వెళ్లిపోయారు.

చదువు పూర్తిచేసుకున్న రామారావు బొంబాయిలోనే ఉండిపోలేదు. రాజమండ్రికి తిరిగొచ్చి చిత్రకళాశాల పెట్టారు. మిత్రుడు వరదా వెంకటరత్నం తోడు నిలిచారు. ఆయన వేసిన ఋష్యశృంగుడి చిత్రానికి కలకత్తా ప్రదర్శనలో బహుమతి వచ్చింది.

ఆ పేరు ప్రతిష్ఠల సంగతి అలా ఉంచి ఆ ఇంట్లోకి తొంగిచూడండి. భార్య సత్యవాణి బొమ్మలు వేస్తున్నారు. సోదరి దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ కూడా వేస్తున్నారు. ఒక తెలుగింటి ఆడపిల్ల ఆ కాలంలో బొంబాయి వెళ్లి కళాశాలలో చేరడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. వాళ్లకు ఇల్లే బడి అయింది. రంగులు, కాగితాలు, వేసి చూపించే మనిషి ఎదురుగా ఉన్నారు. ఇంటిపని అయ్యాక వేసుకునే ముగ్గులాంటి కాలక్షేపంగా ఆగిపోకుండా, వాళ్ల చిత్రాలు చిత్రాలుగానే నిలిచాయి.

ఇదంతా సాగింది కొద్ది ఏళ్లే. 1925 ఫిబ్రవరి 6న మశూచి సోకి రామారావు కన్నుమూశారు. ఇంకొక్క నెల గడిచి ఉంటే 28 ఏళ్లు నిండేవి. చిత్రకళాశాల బాధ్యతను వరదా వెంకటరత్నం భుజాన వేసుకున్నారు.

రాజమండ్రిలో దామెర్ల పేరుతో ఆర్ట్ గ్యాలరీ ఉంది. రామారావు చిత్రాలతో పాటు సత్యవాణి, బుచ్చికృష్ణమ్మ వేసినవీ అక్కడ ఉన్నాయి. సెలవుల్లో గోదావరి వైపు వెళ్తే పిల్లలను అందులోకి తీసుకెళ్లండి. ఏ చిత్రం ఎవరిదో పేర్లు చదవకముందే వాళ్లనే చెప్పమనండి.