చలిరాత్రి చదువు - సోఫీ జెర్మైన్ కథ

12 చుక్కలు ఇచ్చి సమానమైన వరసలుగా పెట్టమంటే మనకు బోలెడన్ని దారులు. మూడు వరసల్లో నాలుగేసి పెట్టొచ్చు, రెండు వరసల్లో ఆరేసి పెట్టొచ్చు. అదే 13 చుక్కలిస్తే? ఎన్నిసార్లు చెరిపి పెట్టినా ఒకటి మిగిలిపోతుంది, లేదా తక్కువ పడుతుంది. పదమూడింటినీ ఒకే వరసలో నిలబెట్టాల్సిందే. 12 లాంటి వాటిని సంయుక్త సంఖ్యలంటారు. చిన్న సంఖ్యల్ని గుణిస్తే వచ్చేవన్న మాట. 13 లాంటివి ప్రధాన సంఖ్యలు. ఒకటితోనూ, తమతోనూ తప్ప ఇంక దేనితోనూ శేషం లేకుండా భాగించబడవు. 1 మాత్రం ఈ రెండు జట్లలోనూ చేరదు.

ఇంతే కదా, ఆరో తరగతి పిల్లల లెక్క అనిపిస్తుంది. కానీ ఈ తేడా వెంట ఏళ్ల తరబడి నడిచి, తన పేరు ఒక రకం ప్రధాన సంఖ్యలకే నిలబెట్టుకున్న స్త్రీ ఒకామె ఉంది. సోఫీ జెర్మైన్. పెద్ద గణితవేత్తల పేర్లు చెప్పమంటే మగవాళ్ల పేర్లే గడగడా చెప్పేస్తాం. అందుకే ఈమె గురించి చెప్పాలని నాకు ఎప్పటినుంచో కోరిక.

సోఫీ 1776 ఏప్రిల్ 1న ప్యారిస్‌లో పుట్టింది. తండ్రి పట్టు వ్యాపారి, కలిగిన కుటుంబం. ఆమెకు పదమూడేళ్లప్పుడు, 1789లో ఫ్రెంచి విప్లవం మొదలైంది. వీధుల్లో గొడవలు. పిల్ల గడప దాటే వీలు లేదు. పొద్దుపోక తండ్రి పుస్తకాల గది చేరింది. అక్కడ ఒక పుస్తకంలో ఆర్కిమెడీస్ చావు గురించి చదివింది. శత్రువులు ఊళ్లోకి వచ్చిపడినా పట్టించుకోకుండా ఇసుకలో గీతలు గీసుకుంటూ సైనికుడి చేతిలో చచ్చిపోయాడట ఆయన. ప్రాణం కూడా గుర్తు రానంత గొప్పదా ఈ లెక్కల శాస్త్రం అని ఆ పిల్ల మనసులో పడింది. ఇక వదల్లేదు.

ఇంట్లోవాళ్లు ఊరుకుంటారా? ఆడపిల్లకు లెక్కలేమిటని కోప్పడ్డారు. రాత్రిళ్లు మేలుకోకుండా ఉండాలని ఆమె గదిలో చలిమంట ఆర్పేసేవారు, వెచ్చని బట్టలు, కొవ్వొత్తులు తీసుకుపోయేవారు. సోఫీ ఏం చేసిందో చూడండి. దాచి ఉంచుకున్న కొవ్వొత్తి ముక్కలు వెలిగించుకుని, దుప్పట్లు చుట్టుకుని కూర్చునేది. బుడ్డిలో సిరా గడ్డకట్టేంత చలిలో కూడా లెక్కలు చేసుకునేదని ఆమెను ఎరిగినవాళ్లు రాసిపెట్టారు. చివరికి అమ్మా నాన్నే మెత్తబడ్డారు. తరవాత జీవితమంతా ఆమెను పోషించింది ఆ తండ్రి సంపాదనే. ఆమె పెళ్లి చేసుకోలేదు.

1794లో ప్యారిస్‌లో ఎకోల్ పాలిటెక్నిక్ అనే పెద్ద విద్యాలయం తెరిచారు. ఆడవాళ్లకు ప్రవేశం లేదు. (అక్కడ ఆడపిల్లల్ని చేర్చుకున్నది 1972లో. దాదాపు నూట ఎనభై ఏళ్లు!) సోఫీ అక్కడి పాఠాల నోట్సు సంపాదించి ఇంట్లోనే చదువుకుంది. అక్కడి విద్యార్థి లెబ్లాన్ అనే అతని పేరు పెట్టుకుని, తన రాతలు లగ్రాంజ్ అనే ప్రొఫెసరుకు పంపింది. ఆ తెలివికి ఆయన ఆశ్చర్యపోయి, ఎవరీ అబ్బాయి అని వాకబు చేస్తే అమ్మాయి అని తేలింది. ఆయన మంచివాడు. ఇంటికి వచ్చి మరీ మెచ్చుకున్నాడు.

ప్రధాన సంఖ్యల మీద ఆమెకు గురి కుదిరింది గౌస్ పుస్తకం చదివాకే. జర్మనీలో గౌస్ అనే యువకుడు 1801లో సంఖ్యల శాస్త్రం మీద గొప్ప గ్రంథం రాశాడు. 1804లో సోఫీ ఆయనకు ఉత్తరం రాసింది, మళ్లీ లెబ్లాన్ పేరుతోనే. ఆడది రాసిందని తెలిస్తే చదవకుండా పక్కన పడేస్తారని భయం. ఆ భయం ఉత్తినే వచ్చింది కాదని మనందరికీ తెలుసు.

1806లో నెపోలియన్ సేనలు గౌస్ ఉండే ఊరి మీదికి వెళ్లాయి. సోఫీకి ఆర్కిమెడీస్ గుర్తొచ్చి గుండె దడదడలాడింది. తమ కుటుంబానికి తెలిసిన ఒక సేనాధిపతికి కబురు పెట్టి, గౌస్‌కు ఏ హానీ జరగకుండా చూడమని బతిమాలింది. నా క్షేమం అడిగిన ఈ ప్యారిస్ అమ్మాయి ఎవరని గౌస్ తికమకపడ్డాడు. అప్పుడు, 1807లో, తానే లెబ్లాన్‌నని ఒప్పుకోక తప్పలేదు. గౌస్ చిన్నచూపు చూడలేదు సరికదా, ఇన్ని అడ్డంకులు దాటి ఇంత లోతుకు వెళ్లిన స్త్రీకి అసాధారణమైన ధైర్యమూ ప్రతిభా ఉండి తీరాలని మెచ్చుకుంటూ జవాబు రాశాడు.

ఇక ఆమె చేసిన పని. ఫెర్మా అనే ఆయన 1637 ప్రాంతంలో ఒక చిక్కుముడి వదిలిపోయాడు. రెండు వర్గాలు కలిస్తే మరో వర్గం రావొచ్చు. 9, 16 కలిస్తే 25, అంటే 3, 4, 5ల వర్గాలు. కానీ వర్గాలు కాక ఘనాలైతే, ఇంకా పై ఘాతాలైతే, పూర్ణసంఖ్యల్లో అలా ఎప్పటికీ కుదరదన్నాడు. అందరూ మూడో ఘాతం, నాలుగో ఘాతం అంటూ ఒక్కొక్కటే తేలుస్తున్నారు. ఇక్కడే మన సంయుక్త, ప్రధాన సంఖ్యల తేడా పనికొస్తుంది. 15 అంటే 3 ఇంటూ 5. మూడో ఘాతానికి కుదరదని తేలితే పదిహేనో ఘాతానికీ కుదరనట్టే. అంటే 4ను పక్కన పెడితే, ప్రధాన సంఖ్యల సంగతి తేలిస్తే చాలు.

సోఫీ ఒక్కొక్కటే కాకుండా ఒక గుంపునే పట్టుకుంది. ఒక ప్రధాన సంఖ్యను రెట్టింపు చేసి ఒకటి కలపండి. వచ్చింది కూడా ప్రధాన సంఖ్యే అయితే మొదటిది ఆమె గుంపులోది. 5కు 11, 11కు 23, 23కు 47. ఏడుకు 15 వస్తుంది, అది సంయుక్తం, కాబట్టి 7 చేరదు. ఫెర్మా కాదన్న సమీకరణం ఇలాంటి ఘాతానికి ఒకవేళ కుదిరినా, అందులోని మూడు సంఖ్యల్లో ఒకటి ఆ ప్రధాన సంఖ్యతో భాగించబడి తీరాలని ఆమె నిరూపించింది. అంటే వెతకాల్సిన చోటు ఒక్కసారిగా చిన్నదైపోయింది. ఈ ఫలితాన్ని లెజాండ్ర్ అనే పెద్దాయన తన వ్యాసంలో, అడుగున చిన్నక్షరాల్లో, ఆమె పేరుతో ప్రకటించాడు. మొత్తం చిక్కుముడి విప్పింది ఆండ్రూ వైల్స్, 1994లో.

ఇంకో విజయం కూడా ఉంది. కంపించే పలకల మీద ఇసుక ఎందుకు ముగ్గుల్లా పేరుకుంటుందో గణితంతో చెప్పమని ప్యారిస్ విజ్ఞాన సంస్థ పోటీ పెట్టింది. సోఫీ రెండుసార్లు రాసింది, బహుమతి రాలేదు. బడికి వెళ్లి వరసగా నేర్చుకోకపోవడం వల్ల మధ్యలో తప్పులు దొర్లేవి. మూడోసారి, 1816లో, బహుమతి ఆమెదే. కానీ సభ్యత్వం మాత్రం ఇవ్వలేదు. ఆ సంస్థ ఒక స్త్రీని పూర్తి సభ్యురాలిగా తీసుకున్నది 1979లో.

1829లో రొమ్ము క్యాన్సర్ బయటపడింది. అంత బాధలోనూ రాయడం మానలేదు. 1831 జూన్ 27న కన్నుమూసింది. మరణ పత్రంలో వృత్తి దగ్గర గణితవేత్త అని రాయలేదు, ఆస్తి రాబడితో బతికే మనిషి అని రాశారు. 1889లో కట్టిన ఈఫిల్ టవర్ మీద 72 మంది శాస్త్రవేత్తల, ఇంజనీర్ల పేర్లు చెక్కారు. అందరూ మగవాళ్లే. సాగే గుణమున్న లోహాల మీద ఆమె అంత పని చేసినా ఆమె పేరు అందులో లేదు. ఇదే నాకు బాగా కష్టమనిపించింది.

అయితే సంఖ్యలు మరిచిపోలేదు. 2, 3, 5, 11, 23 లాంటివాటిని సోఫీ జెర్మైన్ ప్రధాన సంఖ్యలనే పిలుస్తారు. అవి అనంతంగా ఉన్నాయో లేదో ఎవరూ నిరూపించలేకపోయారు. వాటి నుంచి పుట్టే 11, 23, 47 లాంటి జోడీ సంఖ్యల్లో వందల అంకెలుండేవి కంప్యూటర్ల రహస్య సంకేతాలకు పనికొస్తున్నాయి. ఫ్రాన్స్‌లో 2003 నుంచి ఆమె పేరుతో గణిత బహుమతి కూడా ఇస్తున్నారు.

ఇంట్లో ఆడపిల్ల ఎంపీసీ తీసుకుంటానంటే ఈ కథ చెప్పండి. వద్దనే తాతయ్యలో, మేనమామలో ఉంటే వాళ్లకూ చెప్పండి. రెండు వందల ఏళ్ల కిందట ఆ అమ్మాయి గదిలో దీపాలు తీసేసిన తల్లిదండ్రులు కూడా చివరికి మనసు మార్చుకున్నారు.