సర్ తామస్ రో దొర

చేతిలో సైన్యము లేకయే పరరాజుల కొలువున స్వదేశ గౌరవమును నిలుపవలసినవాడు రాయబారి. కోరిన పని నెరవేరనప్పుడు గూడ అతడు ఓర్మిని విడువరాదు. అట్టివారిలో నగ్రగణ్యుడగు సర్ తామస్ రో దొర చరిత్రమును మా పాఠకుల కిచట సంగ్రహముగా దెలుపుచున్నాము.

ఇతడు 1581వ సంవత్సర ప్రాంతమున లండను సమీపమున జనించెను. ఆక్సుఫర్డునందు విద్య నభ్యసించి, ఎలిజబెత్ రాణి కొలువున బ్రవేశించెను. 1610లో దక్షిణ అమెరికాకు నౌకాయాత్ర గావించెను. 1615లో మొదటి జేమ్సు రాజు ఇతనిని జహంగీరు పాదుషాయొద్దకు రాయబారిగా బంపెను. సాలునకు 600 పౌనుల జీతము నిచ్చినది ఈస్టిండియా వర్తక సంఘము. ఆ సంఘమువారు 1611లోనే గోలకొండ రాజ్యములోని మన మచిలీపట్టణమున కోఠీ పెట్టుకొనియుండిరి. మొగలు రాజ్యములోని సూరతున మాత్రము వారి వ్యాపారము అధికారుల దయపై నాధారపడి యుండెను.

సూరతున దిగినది మొదలు ఇతనికి కష్టములే కలిగెను. అచటి అధికారులు సామాన్య వర్తకుని వలె నెంచి సోదా చేయబూనగా ఇతడు సమ్మతింపలేదు. 1616 జనవరిలో అజ్మీరున పాదుషా దర్శనము లభించెను. నేలకు వంగి మ్రొక్కుట ఆ కొలువు ఆచారము. ఇతడు ముందుగానే యనుమతి గైకొని, తన దేశ మర్యాద ననుసరించి వందన మొనర్చెను. పాదుషా ఆగ్రహింపక యాదరించెను. ఒకప్పుడు ఇతని యొద్దనున్న చిత్రపటమునకు తన చిత్రకారులచే ప్రతులు వ్రాయించి, దీపకాంతిలో వాని నన్నిటిని జూపి, మూలమేదో గుర్తింపుమనెను. రో దొర తడబడి, ఆ చిత్రకారుల నేర్పును మనసార మెచ్చుకొనెను.

వ్యాధిపీడితుడై యుండియు ఇతడు పాదుషా వెంట మాండూ, అహమ్మదాబాదు నగరములకు దిరిగెను. అయినను కోరిన సంధిపత్రము లభింపలేదు. కొన్ని ఫర్మానులతోనే తృప్తిపడి 1619లో స్వదేశమునకు మరలెను. యుద్ధమును వర్తకమును పొసగవనియు, కోటలకును సేనలకును ధనము వ్యయపరచి పోర్చుగీసువారు చెడిరనియు, శాంతముగా వ్యాపారము చేసికొనుటయే మేలనియు ఇతడు సంఘమువారికి హితవు చెప్పెను. తరువాతివారు దానిని మరచి 1686లో మొగలాయీలతో యుద్ధమునకు దిగి, ఓడి, 1690లో ఔరంగజేబు పాదుషాను క్షమాపణ వేడి అపరాధ రుసుము చెల్లించిరి.

1621 మొదలు 1628 వరకు ఇతడు కాన్‌స్టాంటినోపిలున సుల్తాను కొలువున రాయబారిగా నుండి, అల్జీర్సు ఓడదొంగలకు జిక్కిన యాంగ్లేయులలో ననేకులకు విముక్తి గలిగించెను. అచటి క్రైస్తవ మహాధ్యక్షుడగు సిరిల్ లూకారిసు ఆంగ్లరాజునకు గానుకగా నొసగిన యలెగ్జాండ్రియా బైబిలు వ్రాతప్రతి ఇతని మూలముననే ఇంగ్లండు చేరెను. అయిదవ శతాబ్దపు ఆ గ్రీకు గ్రంథము నేడు లండనులోని బ్రిటిషు గ్రంథాలయమున భద్రముగా నున్నది. 1629లో స్వీడనుకును పోలండుకును ఆల్ట్‌మార్కున సంధి కుదుర్చుటలో ఇతడు తోడ్పడెను. పొరుగుదేశముల యుద్ధములు మాన్పుటకు బాటుపడిన ఈ వృద్ధుడు తన దేశముననే యంతర్యుద్ధము ప్రబలుట జూచి, 1644లో మరణించెను.

మొగలు కొలువున ఇతడు కోరిన సంధి కుదరలేదు. అయినను తలవంపు లేక, అబద్ధమాడక, పగ పెంచక మూడేండ్లు నిలిచిన యా ధైర్యమును మేము విజయముగానే గణించుచున్నాము. విద్యార్థులారా! ఫలము చేతికందని పనిలోనే మనుష్యుని గుణము పరీక్షింపబడునని యీ చరిత్రమువలన గ్రహింతురుగాక.