ఇద్దరూ కలిసి చేసుకున్న మొక్కుబడి

ఆ బిడ్డ ఎనిమిది రోజులే బతికాడు. ఎంతో కాలం ఎదురుచూశాక పుట్టిన మగబిడ్డ! సెల్సస్ అని పేరు పెట్టుకున్నారు. స్పెయిన్‌లో, ఇప్పటి మాడ్రిడ్‌కు దగ్గర్లోని కంప్లూటం అనే ఊళ్లో, హతసాక్షుల సమాధుల పక్కన పాతిపెట్టారు. తండ్రి పౌలినస్, తల్లి థెరాసియా. ఆ దుఃఖం తర్వాత వారిద్దరూ తమ కాపురాన్ని కొత్త దారిలో పెట్టుకున్నారు. ఒకే కప్పు కింద ఉంటూనే, ఇకమీదట క్రీస్తునందు సహోదరుడు, సహోదరిగా బతుకుతామని దేవుని ఎదుట మొక్కుకున్నారు.

భార్యాభర్తలు పరస్పర సమ్మతితో దాంపత్య సంబంధాన్ని మానుకుని కలిసే జీవించడం కేథలిక్ సంప్రదాయంలో చాలా పాతది. దాన్ని యోసేపు వివాహం అంటారు. మరియ యోసేపులు జీవితాంతం అలాగే ఉన్నారని వారి విశ్వాసం. మత్తయి సువార్త (1:25) చదివే మనం అలా నమ్మం. అయినా పౌలినస్ కథ మనం తెలుసుకోదగినదే.

ఆయన క్రీ.శ. 354 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని బోర్డో పట్టణంలో పుట్టాడు. తరతరాల జమీందారీ కుటుంబం. రోమా సామ్రాజ్యంలో పేరున్న కవి, పండితుడు ఔసోనియస్ ఆయన గురువు. ముప్పై ఏళ్లు నిండకముందే పౌలినస్ ఇటలీలోని కంపానియా ప్రాంతానికి గవర్నర్ అయ్యాడు. స్పెయిన్‌కు చెందిన థెరాసియాను పెళ్లాడాడు. ఆమెదీ ఆస్తిపాస్తులున్న ఇల్లే. అంతకుమించి ఆమె విశ్వాసి. సుమారు 389లో పౌలినస్ బోర్డో బిషప్పు దెల్ఫీనస్ చేత బాప్తిస్మం పొందాడు. ఆ రోజుల్లోనే ఆయన సోదరుడు హత్యకు గురయ్యాడు, పౌలినస్ ప్రాణానికీ ఆస్తికీ కూడా ముప్పు వచ్చింది. ఆ తర్వాతిదే స్పెయిన్ నివాసం, బిడ్డ పుట్టడం, పోవడం.

ఆస్తులు అమ్మి పేదలకు పంచడం మొదలుపెట్టగానే లోకం నోరు విప్పింది. వృద్ధుడైన ఔసోనియస్ కవితల్లో ఉత్తరాలు రాసి శిష్యుణ్ని వెనక్కి పిలిచాడు. పనిలోపనిగా, పూర్వం భర్తను తన చెప్పుచేతల్లో పెట్టుకుందని పేరుపడ్డ ఒక రోమా రాణితో థెరాసియాను పోల్చి దెప్పిపొడిచాడు. మగవాడు దేవుని వైపు తిరిగితే పెళ్లాం మాట విని చెడిపోయాడనడం ఈనాటిది కాదన్నమాట! పౌలినస్ గురువును గౌరవిస్తూనే జవాబిచ్చాడు. ఆ పోలిక తప్పని, తన భార్య శీలవతి అయిన లుక్రేషియా లాంటిదని రాశాడు. మిలాను బిషప్పు అంబ్రోస్ మాత్రం ఈ వార్త విని సంతోషించాడు. ఇంత పెద్ద వంశం వాడు ఇలా చేస్తే గొప్పవాళ్లు ఏమంటారోనని ఒక ఉత్తరంలో చమత్కరించాడు కూడా.

394 క్రిస్మస్ రోజున బార్సిలోనా సంఘస్తులు పౌలినస్‌ను బలవంతాన పాదిరిగా అభిషేకం చేయించారు. మరుసటి ఏడు దంపతులు ఇటలీలోని నోలాకు చేరారు. అక్కడ ఫెలిక్స్ అనే భక్తుని సమాధి దగ్గర పేదలకు, బాటసారులకు వసతి కట్టించి, వారు కింద ఉంటే తాము పై అంతస్తులో ఉన్నారు. ఏటా జనవరి 14న ఫెలిక్స్ మీద పౌలినస్ ఒక పద్యకావ్యం రాసేవాడు. చనిపోయిన భక్తుని మీద ఆయన పెట్టుకున్న అంత నమ్మకాన్ని మనం ఒప్పుకోలేం. దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత, హతసాక్షి పక్కన పాతిపెడితే చనిపోయినవారికి మేలు కలుగుతుందా అని ఆయనే అగస్టీన్‌ను అడిగాడు. ఆ చోటు వల్ల దానంతట ఏ మేలూ రాదని అగస్టీన్ బదులిచ్చాడు. అడిగేటప్పుడు కంప్లూటంలోని చిన్న సమాధి పౌలినస్‌కు గుర్తు రాకుండా ఉంటుందా?

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది వారి ఉత్తరాలు. అగస్టీన్‌కు పంపిన తొలి ఉత్తరాల మొదట్లో ఒక్క పేరు ఉండదు. పాపులమైన పౌలినస్, థెరాసియా అని ఇద్దరి పేర్లూ ఉంటాయి. అగస్టీన్ కూడా ఇద్దరికీ కలిపే జవాబు రాసేవాడు. పడక వేరైంది గానీ పని వేరు కాలేదు, ప్రార్థన వేరు కాలేదు.

అపొస్తలుడైన పౌలు ప్రార్థన కోసం దంపతులు కొంతకాలం ఎడంగా ఉండవచ్చన్నాడు, అదీ ఇద్దరి సమ్మతి ఉంటేనే, తిరిగి కలుసుకోవాలనే షరతుతో (1 కొరింథీ 7:5). జీవితకాలపు మొక్కుబడికి ఆ వాక్యంలో ఆధారం నాకు కనబడదు. నా సంఘంలో ఎవరైనా దంపతులు అడిగితే వద్దనే చెబుతాను. కానీ సమ్మతి అనే ఆ మాట దగ్గర పౌలినస్, థెరాసియా మనకంటే ఎంతో నమ్మకంగా ఉన్నారు. ఉపవాస ప్రార్థనల పేరిట భార్యను నెలల తరబడి దూరం పెట్టిన భర్తలు, భర్త గోడు వినిపించుకోని భార్యలు నా పరిచర్యలో ఎదురయ్యారు. ఒక సహోదరి అయితే తన భర్త దేవునికి దగ్గరయ్యేకొద్దీ తాను ఇంట్లో అనాథనవుతున్నానని ఏడ్చింది. ఆయన ప్రతిష్ఠ గురించి సంఘమంతటికీ తెలుసు, ఆమెను మాత్రం ఎవరూ అడగలేదు.

ఆ కాలంలోనూ ఈ ఒప్పందాలు తేలిగ్గా కుదరలేదు. రోమా నగరపు యువతి మెలానియా పెళ్లయిన మొదట్లోనే బ్రహ్మచర్యం కోరింది. వారసులుగా ఇద్దరు పిల్లలు పుట్టేదాకా ఆగమన్నాడు భర్త పినియానస్. ఆమె ఆగింది. ఇద్దరు పిల్లలూ పుట్టి చనిపోయారు. అప్పుడు గానీ అతను ఒప్పుకోలేదు. ఆ జంట కూడా కొంతకాలం నోలాలో పౌలినస్ దగ్గర ఉంది.

తన దారే అందరికీ దారి కావాలని మాత్రం పౌలినస్ పట్టుబట్టలేదు. జూలియన్ అనే యువకుడి పెళ్లికి రాసిన పాటలో ఆ దంపతులు కన్యావ్రతంలో ఏకమనసుతో ఉండాలని కోరుకున్నాడు. లేదంటే దేవుని సేవకు పిల్లల్ని కని ఇవ్వమన్నాడు. మరొకసారి, కొడుకును పోగొట్టుకున్న ఇంకో దంపతులను ఓదార్చాల్సి వచ్చింది. ఆ పిల్లవాడి పేరు కూడా సెల్ససే! తన బిడ్డ గురించి ఆయన బయటికి చెప్పుకున్నది ఆ ఓదార్పు పద్యంలోనే.

408-410 మధ్య ఎప్పుడో థెరాసియా కన్నుమూసింది. ఆ రోజుల్లోనే ఆయన నోలా బిషప్పు అయ్యాడు. 410లో గోతులు నోలాను దోచుకుని ఆయన్ను బంధించారు. వెండిబంగారాల కోసం నన్ను హింసపడనివ్వకు, నా సొమ్మంతా ఎక్కడుందో నీకు తెలుసు అన్న భావంతో ఆయన ప్రార్థించాడని అగస్టీన్ రాశాడు.

తర్వాత మరో ఇరవై ఏళ్లు ఆ ఊళ్లోనే సేవచేశాడు. మరణపడక మీద ఉండగా, పేదలకు పంచిన బట్టల తాలూకు 40 బంగారు నాణేల అప్పు ఇంకా తీరలేదని ఒక పాదిరి గుర్తుచేశాడు. తీర్చేవాడు వస్తాడని పౌలినస్ నవ్వాడు. కాసేపటికి లుకానియా నుంచి మరో పాదిరి 50 నాణేల కానుకతో వచ్చాడు. రెండు నాణేలు తెచ్చినవాడి చేతిలో పెట్టి, ఆ మిగిలినవాటితో బట్టల వ్యాపారుల బాకీ తీర్చమన్నాడు. 431 జూన్ 22న ప్రభువులో నిద్రించాడు.